పదకొండు నిమిషాల సున్నా

ఉదయం పదకొండు గంటల ఏడు నిమిషాలకి రెండు వందల నలభై మంది ఒక్కసారిగా చచ్చిపోయారు.

హాల్లో కాదు. నా కంప్యూటరులో.

అంతవరకూ ఎగుడుదిగుడుగా పరుగులు పెడుతున్న పచ్చగీత ఒక్క క్షణం వణికి, నిలువునా కూలి, అడుగున సున్నా దగ్గర చాప పరిచినట్టు పడుకుంది. మౌసు కదిపాను. కంప్యూటరును అరచేత్తో చరిచాను. గీత లేవలేదు.

కొంప మునిగిందనుకున్నాను.

నా పని ప్రేక్షకుల నాడి పట్టుకోవడం. సినిమా విడుదలకి ముందు నిర్మాతలు రెండు మూడు వందల మందిని పిలిచి చూపిస్తారు. వచ్చినవాళ్ళకి నేను తలా ఒక చిన్న డబ్బా ఇస్తాను. డబ్బా మీద సున్నా నుంచి పది దాకా అంకెలతో గుండ్రటి మీట ఉంటుంది. నచ్చినకొద్దీ కుడికి తిప్పాలి, నచ్చకపోతే వెనక్కి తిప్పెయ్యాలి. డబ్బాల వైర్లన్నీ కుర్చీల కింద నుంచి వెనక గదిలోకి వచ్చి నా కంప్యూటరులో కలుస్తాయి. ఏ నిమిషంలో జనం ముందుకి వంగారో, ఏ నిమిషంలో ఆవలించారో అంతా గీతలో తెలిసిపోతుంది. గీత చూసి నేను రిపోర్టు రాస్తాను. రిపోర్టు చూసి వాళ్ళు సినిమాను కోస్తారు, కుడతారు. ఇప్పటికి పదమూడు సినిమాలకి నాడి చూశాను. అందుకే అందరూ నన్ను డాక్టరమ్మ అంటారు. అందులో మర్యాద ఎంతో, వెటకారం ఎంతో నేనెప్పుడూ ఆరా తియ్యలేదు.

టార్చిలైటు పట్టుకుని చీకటి హాల్లోకి పరిగెత్తాను. ఎక్కడో వైరు తెగి ఉండాలి. నడవా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వరస తర్వాత వరస చూసుకుంటూ, పాక్కుంటూ ముందుకి వెళ్ళాను. వైర్లు నిక్షేపంలా ఉన్నాయి. వరస వరసకీ పెట్టిన చిన్న దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

అప్పుడు చూశాను, పాదాలు.

టార్చి వెలుగులో వరసంతా కుడిపాదాలు ఒక్కసారి లేచాయి. గాలిలో ఆగాయి. నేల ఉందో లేదో తెలియనట్టు భయంభయంగా కిందకి దిగాయి. తర్వాత ఎడమపాదాలు లేచాయి. బూట్లు, చెప్పులు, ఎత్తుమడమల జోళ్ళు, సిమెంటు కట్టు కట్టిన కాలొకటి. ఎవరూ ఎవర్నీ చూడటం లేదు. అయినా కుర్చీల్లో కూర్చునే అందరూ కలిసి నడుస్తున్నారు.

మూడో వరసలో తెల్లచెప్పుల జత ఒకటి మాత్రం కదల్లేదు. అవి నిర్మాతగారి తల్లివి. పెద్దమ్మగారంటారు ఆవిణ్ణి. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ప్రతి ప్రివ్యూకీ వచ్చి, శాలువా కప్పుకుని, హాయిగా ఓ కునుకు తీసి వెళ్ళడం ఆవిడ అలవాటు. ఆ కునుకులోనే ఉన్నారనుకుని దాటి ముందుకి పాకాను.

తెర కిందకి చేరి, లేచి నిలబడి వెనక్కి తిరిగాను.

నేను పదమూడు సినిమాలకి గీతలు చూశాను. మొహాలు ఎప్పుడూ చూడలేదు. నా కుర్చీ ఎప్పుడూ వెనక గదిలోనే. అంతమంది మొహాలు ఒకే వెలుగులో, ఒకే భావంతో, నా ముందు వరసలు వరసలుగా తేలుతుంటే ఒళ్ళు జలదరించింది. నోళ్ళు తెరుచుకున్నాయి. ఒకాయన రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు. ఒకావిడ పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి మోచేతిని గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆవిడకీ తెలియదు, ఆయనకీ తెలియదు. ఒళ్ళో డబ్బాలు జారి కిందపడి ఉన్నాయి.

ఏం చూస్తున్నారో నేనూ తలెత్తి చూశాను.

తెర మీద నేల లేదు. పైనా కిందా ఆకాశమే. ఆ శూన్యంలో ఒక అమ్మాయి మనకి వీపు చూపించి నిలబడి ఉంది. అంతరిక్ష నౌకలో మరమ్మతు పనులు చేసే మెకానిక్కు. కెమెరా ఆమె భుజం వెనకే ఉంది, వీడియో గేముల్లో ఉంటుందే, సరిగ్గా అలా. తెర మూలన సన్నటి ఎర్రగీత, ఆమె ప్రాణం ఎంత మిగిలిందో చెప్పేది. ఆమె అడుగెత్తితే ఆ అడుగు కింద మాత్రమే నేల పుడుతోంది. పలకలు పలకలుగా ఎక్కణ్ణుంచో ఎగిరొచ్చి, సరిగ్గా పాదం దిగే వేళకి అతుక్కుంటోంది. పాదం తియ్యగానే రాలిపోతోంది. అది నిజమైన రాయిలా లేదు. అది నిజమైన వెలుగులా లేదు. అంచులు మరీ పదును, రంగులు మరీ శుభ్రం. పిల్లల ఆటవస్తువుల దుకాణంలో అద్దం వెనక పెట్టినట్టుంది ఆ లోకమంతా. అయినా ఆ పలక ఒక్క రవ్వ ఆలస్యమైతే నేనే పడిపోతానని నా గుండె నాకు చెబుతోంది.

ఆమె పరుగందుకుంది. ఆ పరుగుకి కొండలు లేచాయి, వంతెనలు లేచాయి, ఒక ఊరికి ఊరే దీపాలతో సహా మడతలు విప్పుకుని నిలబడింది. ఆమె వెనక అదంతా ఇసకలా రాలిపోతోంది. ఎర్రగీత పొట్టిదైపోతోంది. తర్వాత ఆమె ఆగింది. భుజం మీదుగా తిరిగి మావైపు చూసింది. ఇంతసేపూ తన చేత అడుగులు వేయిస్తున్నది ఎవరో తెలుసుకోవాలన్నట్టు, రెండు వందల నలభై మందినీ ఒక్కొక్కరినీ చూసింది.

ఆ చూపు భరించలేక నా కుడికాలు దానంతటదే లేచింది.

అప్పుడు వెలిగింది నాకు. ఈ సీను ఈ సినిమాలో ఉండకూడదు. మూడు వారాల కిందటే దీన్ని తీసేశారు.

"ఆపండి!" వెనక నుంచి నిర్మాత కేక వినబడింది. "ఎవడ్రా అది పైన? ఆపు!"

సినిమా ఆగలేదు. పదకొండు నిమిషాల సీనూ అయ్యి, ఇంటర్వెల్ పడ్డాకే దీపాలు వెలిగాయి. చప్పట్లు లేవు, ఈల లేదు.

"చూశావా డాక్టరమ్మా," నా పక్కనుంచి దూసుకుపోతూ అన్నాడు నిర్మాత. ఆయన మొహం కందగడ్డలా ఉంది. "శవాల్లా కూర్చున్నారు!"

ప్రొజెక్షన్ గదికి పద్దెనిమిది మెట్లు. నేను ఎక్కేసరికే పంచాయితీ మొదలైపోయింది. యంత్రం వేడికి గది కుంపటిలా ఉంది. నిర్మాత ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ ఆపరేటరు నా తమ్ముడు. సొంత తమ్ముడు.

"ఫోను నాలుగుసార్లు మోగింది. ఎందుకు ఎత్తలేదు?"

"వినబడలేదండీ."

"చెవుడా?"

"కాదండీ. చూస్తున్నానండీ."

"ఏం చూస్తున్నావు?"

"సినిమా అండీ."

"ఆపరేటరు సినిమా చూడ్డమేంట్రా? బస్సు డ్రైవరు కళ్ళు మూసుకుని పాట విన్నట్టు!"

కిటికీ దగ్గర ఎడిటరు నిలబడి ఉన్నాడు. ఆయన్ని ఇండస్ట్రీలో కత్తెర అంటారు. కళ్ళజోడు ఎప్పుడూ కళ్ళ మీద ఉండదు, నుదుటి మీద ఉంటుంది. "నా తప్పేం లేదు," అన్నాడు ఎవరూ అడక్కముందే. "ఆ సీను తీసేసి, హీరో ఎడారిలో కొట్టుకునే సీను అతికించి, రెండో కాపీ తయారు చేసి ల్యాబుకిచ్చి పద్దెనిమిది రోజులైంది. మొదటి కాపీ అక్కడే మూలన పడుంది."

దర్శకుడు నేల మీదే కూర్చున్నాడు. ముప్పై కూడా నిండని కుర్రాడు. ఆ పదకొండు నిమిషాల కోసం రెండేళ్ళు పనిచేశాడు. నా రిపోర్టులో దానికి సున్నా వచ్చిందని తెలిసిన రోజు నుంచి గడ్డం గీసుకోలేదు.

"నువ్వేనా?" అన్నాడు నిర్మాత అతనితో.

"కాదు సార్. నాకా ఆలోచన రానందుకే సిగ్గేస్తోంది."

నిర్మాత ల్యాబుకి ఫోను చేసి అందరికీ వినబడేలా పెట్టాడు. ఇప్పుడు సినిమా రీళ్ళలో రాదు, అరచేయంత డిస్కులో వస్తుంది. డిస్కు ల్యాబు దాటాలంటే కంపెనీ కాగితం కావాలి. దాని మీద ఏ కాపీ కావాలో అంకె ఉండాలి. కింద పెద్దమ్మగారి సంతకం ఉండాలి. కంపెనీ ఆవిడ పేరునే ఉంది మరి. ఆవిడ సంతకం లేకపోతే ఆ ఆఫీసుకి టీపొడి కూడా రాదు, నా రిపోర్టయినా ప్రతి పేజీ మీదా ఆవిడ సంతకం పడాల్సిందే.

"కాపీ నంబరు ఒకటి అని రాసుంది సార్," ల్యాబు మనిషి గొంతులో తొణుకూ బెణుకూ లేదు. "సంతకం ఉంది. ఇచ్చాం."

"రెండని కదయ్యా ఉండాలి!"

"నా కళ్ళెదురుగా ఒకటే ఉంది సార్."

నిర్మాత ఫోను పెట్టేశాడు. "సంతకానిదేముంది. అమ్మ ముందు కాగితాల కట్ట పెడతాం. సంతకాలు పెట్టుకుంటూ పోతుంది. ఆ కట్టలోకి ఈ కాగితం ఎవరు దూర్చారన్నదే తేలాలి." కళ్ళు చిన్నవి చేసి తమ్ముడి వైపు తిరిగాడు. "నిన్న ఆఫీసు నుంచి ల్యాబుకి కాగితాలు మోసింది ఎవరు?"

తమ్ముడు కట్టుకున్న చేతులు విప్పాడు. "నేనేనండీ. కవరు అంటించి ఇచ్చారండీ. నేను తెరవలేదండీ."

"డిస్కు తెచ్చింది నువ్వు. ఆడించింది నువ్వు. ఆపమంటే ఆపనిది నువ్వు. ఇంకా ఎవర్ని వెతకాలి? రెండో సగం అవగానే ఆపరేటర్ల సంఘానికి రాస్తాను. నీ కార్డు రద్దు చేయించకపోతే నా పేరు మార్చుకుంటాను. ఏ ఊళ్ళోనూ ఏ హాల్లోనూ నువ్వు మళ్ళీ మిషను ముట్టుకోలేవు."

తమ్ముడు నావైపు చూశాడు. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి కూడా వాడు నావైపు అలా చూడలేదు. ఆరేళ్ళు పరాయివాళ్ళ గదుల్లో సహాయకుడిగా లెన్సులు తుడిచాడు. నాలుగు నెలల కిందటే వాడికంటూ ఈ గది దొరికింది. మొదటిరోజు నాకు ఫోను చేసి, "అక్కా, తాళంచెవి నా జేబులో ఉందే!" అని అరిచాడు.

"సార్," అన్నాను. "రెండో సగం మొదలయ్యేదాకా ఆగండి. ఎవరో నేను చెబుతాను."

"నువ్వా? నువ్వు జనం నాడి చూసే డాక్టరువి, పోలీసువి కాదు."

"అరగంట ఇవ్వండి."

"జనం టీ తాగి, సినిమా ఎలా ఉందో కార్డుల మీద రాసేదాకా. అంతే."

మెట్లు దిగుతుంటే తమ్ముడు వెనకాలే వచ్చాడు. "అక్కా, నేను నిజంగా కవరు తెరవలేదే."

"తెలుసురా."

"ఎలా తెలుసు?"

"తెరిచుంటే చింపేసేవాడివి. నీకు అంటించిన కవరు సరిగ్గా తెరవడం ఇప్పటికీ రాదు."

వాడు నవ్వబోయి ఆగిపోయాడు. "ఫోను మోగింది నిజంగానే వినబడలేదు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది చూడు, అప్పుడు నేను మిషను వెనక దాక్కున్నాను తెలుసా? ఆరేళ్ళ బట్టి మిషన్ల పక్కనే బతుకుతున్నాను, నేనే దాక్కున్నాను."

నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పచ్చగీత అంటే అందరి మీటల సగటు. దాన్ని పక్కకి నెట్టి, ఏ కుర్చీ గీత ఆ కుర్చీకి విడదీసి చూడొచ్చు. చాలా ఓపిక కావాలి కాబట్టి ఎప్పుడూ ఆ పని చెయ్యను.

ఒకటో కుర్చీ. పదకొండూ ఏడుకి సున్నా. రెండో కుర్చీ, సున్నా. మూడు, నాలుగు, అయిదు. అన్నీ ఒకే క్షణంలో కూలాయి. వెనక్కి తిప్పితే మీట అలా కూలదు, మెట్లు దిగినట్టు దిగుతుంది. ఇవి వదిలేస్తే పడ్డ గీతలు. మీట లోపల ఓ సన్నటి స్ప్రింగు ఉంది. చెయ్యి తీస్తే మీట సున్నాకి వచ్చేస్తుంది. ఆ మాట నేనే ప్రతి రిపోర్టు ఆఖరి పేజీలో చిన్న అక్షరాలతో రాస్తాను.

నెత్తి మీద చేతులు పెట్టుకున్న పెద్దమనిషి గుర్తొచ్చాడు. పరాయి మోచెయ్యి పట్టుకున్న ఆవిడ గుర్తొచ్చింది.

ఇంతవరకూ చూసినవాళ్ళలో నచ్చక వెనక్కి తిప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళు మీటల్నే మర్చిపోయారు. ఒళ్ళో డబ్బా ఉందని, డబ్బా మీద చెయ్యి ఉందని, తాము ఓ హాల్లో కుర్చీల్లో కూర్చున్నామని కూడా మర్చిపోయారు. నా యంత్రానికి తెలిసిన భాషలో అంతటి మైమరపు పేరు సున్నా.

మూడు వారాల కిందట మొదటి ప్రివ్యూలో ఇదే జరిగింది. నేను ఈ గదిలోనే కూర్చుని, సున్నా చూసి, "జనం ఈ సీనును తిరస్కరించారు" అని రాశాను. ఆ సున్నా చూశాక వాళ్ళు రాసిచ్చిన కార్డులు కూడా ఎవరూ చదవలేదు. మూట కట్టి అటకెక్కించారు. చెవులు వేడెక్కాయి. ఇంకెన్ని సినిమాల్లో ఇంకెన్ని సున్నాలు రాశానో లెక్కపెట్టుకునే ధైర్యం ఆ క్షణాన లేకపోయింది.

ముందు తమ్ముడి సంగతి. నలభై. నలభై ఒకటి. నలభై రెండు.

నలభై మూడు దగ్గర నా వేలు ఆగింది.

ఆ గీత కూలలేదు. పదకొండూ ఆరున్నరకి, అంటే సీను మొదలవడానికి అర నిమిషం ముందే, సున్నా నుంచి లేచి పదికి చేరింది. పదకొండు నిమిషాలూ రవ్వంత కూడా కదలకుండా పది దగ్గరే నిలబడింది. సీను అవగానే దిగిపోయింది. మీట ఇరుక్కుంటే అలా దిగదు. ఎవరో ఒక మనిషి, వచ్చేదేమిటో ముందే తెలిసి, మీటను కుడికి తిప్పి, స్ప్రింగుతో పోట్లాడుతూ పట్టుకుని కూర్చున్నారు.

మిగతా గీతలన్నీ గబగబా తిప్పి చూశాను, అలాంటిది ఇంకొకటి లేదు. గేటు గుమాస్తా దగ్గరికి పరుగెత్తి, ఏ కుర్చీలో ఎవరు కూర్చున్నారో రాసుకున్న కాగితం అడిగాను. నలభై మూడో గడి చూశాను. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను.

"ఏమ్మా, రాసింది అర్థం కాలేదా?" అన్నాడు గుమాస్తా.

"అర్థమైంది. అదే భయంగా ఉంది."

కాగితం మడిచి పిడికిట్లో పెట్టుకున్నాను. ఆ గడిలో ఉన్నది నా నోటితో చెబితే, తమ్ముణ్ణి కాపాడుకోవడానికి కట్టుకథ అల్లానంటారు. పైగా ఆ గీత ఎందుకు రుజువో చెప్పాలంటే మిగతా సున్నాలేమిటో చెప్పాలి. చెబితే రేపటి నుంచి నన్ను డాక్టరమ్మ అని వెటకారంగా కూడా ఎవరూ పిలవరు. తమ్ముడి కార్డు, నా పదమూడు రిపోర్టులు. తూచుకునేందుకు పెద్దగా ఏమీ లేదు. హాల్లోకి నడిచాను.

జనం కుర్చీల్లో కూర్చుని కార్డులు నింపుతున్నారు. దర్శకుడు నింపినవి ఏరుకుని, మొదటి వరస ముందు నేల మీద కూర్చుని చదువుతున్నాడు.

"మేడమ్, ఇది వినండి. 'అచ్చం వీడియో గేములా ఉంది. మా ఆయన పన్నెండేళ్ళలో మొదటిసారి సినిమా మధ్యలో ఫోను చూడలేదు.'"

"ఇంకోటి చదువు."

"'పనిగట్టుకుని వచ్చి ఎవడో ఆడే ఆటను నేను చూడాలా అని తిట్టుకున్నాను. ఆ పిల్ల వెనక్కి చూసినప్పుడు తెలిసింది, ఆడుతున్నది నేనే.' ఇదిగో, ఇది మరీ. 'బొమ్మలు బొమ్మల్లా ఉన్నాయి. రాళ్ళు అబద్ధం, వెలుగు అబద్ధం. ఏడుపు మాత్రం నాకే ఎందుకొచ్చిందో మీ కంపెనీ జవాబు చెప్పాలి.'" అతను మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "తిట్లు కూడా ఉన్నాయి. ఒకాయన మొహాలు రబ్బరులా ఉన్నాయి, జన్మలో మళ్ళీ చూడనని రాశాడు. కింద మళ్ళీ, విడుదల ఎప్పుడని అడిగాడు."

ఇంకో కార్డు తీసి చదవకుండా నా చేతిలో పెట్టాడు. వంకరటింకర అక్షరాలు. 'ప్రమాదం అయ్యాక నాకు కాలు నేల మీద పెట్టాలంటే భయం. ఇవాళ కట్టు ఉన్న కాలితో కూడా నడిచాను. ఇంటికెళ్ళి డాక్టరుకి చెప్పాలి.'

ఈ మనిషి కూడా నా గ్రాఫులో సున్నాయే.

మెట్ల దగ్గర అలికిడైంది. నిర్మాత, వెనక కత్తెర, ఆ వెనక తలొంచుకుని తమ్ముడు. నిర్మాత చేతిలో మైకు ఉంది, రెండో సగం మొదలవుతుందని జనానికి చెప్పడానికి.

"అరగంటైంది," అన్నాడు నాతో. మైకు ఆన్‌లో ఉందని ఆయన గమనించలేదు. ఆ మాట హాలంతా మోగింది. రాస్తున్న కలాలు ఆగాయి. "చెప్పు. ఎవరు?"

"ముందు నా తప్పు చెప్పుకోవాలి సార్," అన్నాను. నా మాట కూడా మైకు పట్టుకుంది. "మూడు వారాల కిందట ఈ సీనుకి సున్నా వచ్చిందని నేను రాసింది తప్పు. జనం వెనక్కి తిప్పలేదు. చేతులు వదిలేశారు. చెయ్యి వదిలితే మీట సున్నాకి వస్తుంది. ఇవాళా అదే జరిగింది. నమ్మకపోతే వీళ్ళనే అడగండి."

నిర్మాత నోరు తెరిచేలోగా ఏడో వరసలోంచి ఒకాయన లేచాడు. "నా డబ్బా ఇప్పటికీ కనబళ్ళేదండీ. కుర్చీ కింద ఎక్కడో పడిపోయింది."

"నాదీ!" ఎవరో అన్నారు.

"నేనసలు ఈయన చెయ్యి పట్టుకున్నానట," అంది ఒకావిడ. హాలంతా నవ్వులు లేచాయి. ఆ నవ్వులు ఆగకుండానే ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అరగంట కిందట కొట్టడం మర్చిపోయిన చప్పట్లు. అవి వరస నుంచి వరసకి పాకి, గోడలకి కొట్టుకుని, తిరిగొచ్చి మా మీద పడ్డాయి. దర్శకుడు కార్డుల మధ్య అలాగే కూర్చుండిపోయాడు. నిర్మాత మొహంలో రంగులు మారడం చూశాను. వ్యాపారం చేసే మనిషి. చప్పట్ల బరువు ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

చప్పట్లు సద్దుమణిగాక గొంతు తగ్గించి అన్నాడు. "సరే. సీను సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నా కంపెనీ కాగితం మార్చిన దొంగ మాత్రం దొంగే. వీడు కాకపోతే ఎవరు?"

"ఒకే ఒక్క మీట పదకొండు నిమిషాలూ పది దగ్గర నిలబడింది సార్. సీను రాకముందే లేచింది. ఆ మనిషికి రెండు విషయాలు తెలుసు. ఇవాళ మొదటి కాపీ ఆడుతుందని ఒకటి. చెయ్యి తీస్తే సున్నా అవుతుందని రెండోది. ఈ రెండోది నా రిపోర్టు ఆఖరి పేజీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆఫీసుకి ఇచ్చింది ఒకే కాపీ. మీరు ఆఖరి పేజీ చదివారా?"

"నేను మొదటి పేజీ చదివాను. సున్నా కనబడింది. చాలదూ?"

"కత్తెర గారూ?"

"నేను గ్రాఫు చూశాను. పేజీలు చదివే తీరిక నాకెక్కడిది?"

"నువ్వో?" అన్నాను దర్శకుడితో.

"నా చేతికిస్తే చింపేస్తానని నాకివ్వలేదు."

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "నాకు అంటించిన కవరేగా ఇచ్చారు."

"మరెవరు చదివినట్టు?" విసుక్కున్నాడు నిర్మాత. "మా ఆఫీసులో రిపోర్టులు ఆఖరి పేజీ దాకా ఎవరు చదువుతారు?"

"చదివేవాళ్ళ సంగతి నాకు తెలియదు సార్. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాలంటే ప్రతి పేజీ తిప్పాలి కదా. ఆఖరి పేజీ కూడా."

ఆయనకి వెంటనే తట్టలేదు. కత్తెరకి తట్టింది. నుదుటి మీది కళ్ళజోడు జారి ముక్కు మీద పడింది.

నేను పిడికిట్లోని కాగితం విప్పి నిర్మాత చేతికిచ్చాను. "నలభై మూడో గడి చూడండి. మీరే చదవండి. నేను చెబితే బాగోదు."

ఆయన వేలు గడుల మీద జరుగుతూ పోయింది. నలభై. నలభై ఒకటి. నలభై రెండు. ఆగింది. కాగితాన్ని దీపం వైపు తిప్పి మళ్ళీ చూశాడు. ఆ తర్వాత చాలా మెల్లగా తలెత్తి మూడో వరస వైపు చూశాడు.

అక్కడ తెల్లచెప్పుల పెద్దావిడ శాలువా సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుని ఉన్నారు. నిద్రపోవడం లేదు. ఆ కళ్ళు చూస్తే ఏ ప్రివ్యూలోనూ నిద్రపోయి ఉండరనిపించింది. పక్క కుర్చీవాళ్ళు టీ అందించబోతే వద్దని తల ఊపారు. కుడిచెయ్యి ఒళ్ళో డబ్బా మీదే ఉంది, రెండో సగం ఎప్పుడు మొదలవుతుందా అన్నట్టు. కొడుకు తనవైపే చూస్తున్నాడని గమనించి, అడగాల్సింది ఇప్పుడైనా అడుగుతావా అన్నట్టు గడ్డం పైకెత్తారు.

నిర్మాత మైకు సంగతి మళ్ళీ మర్చిపోయాడు. ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వచ్చి హాలంతా వినబడింది.

"మా అమ్మ," అన్నాడు. "కాపీ మార్చింది మా అమ్మ."